ఎత్తు మీద పని – ఒంటికి సరైన రక్షణ బెల్టు

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)



మన హాస్టల్ పిల్లల ఇళ్లల్లో ఎత్తు మీద పని చేసి బతికేవాళ్లు చాలామంది ఉంటారు. ఒకరి బాపు తాటిచెట్టు ఎక్కుతాడు. ఒకరి మామ కరెంటు స్తంభం ఎక్కుతాడు. ఇంకొకరి అన్న కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో పెద్ద భవనాలకు రంగులు వేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాణ్ణి నేనే మొదలు. చదివిన చదువు ఇంటి పనికి ఎంతో కొంత అక్కరకు రావాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా లెక్క

10 మీటర్ల ఎత్తు నుంచి జారిన మనిషి సెకనున్నర లోపలే నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 50 కిలోమీటర్లు. v² = 2gh సూత్రంతో మీరే చేసి చూడండి.

తాడు కట్టుకుంటే భయం లేదనుకుంటాం. కానీ తాడు ఎంత దూరంలో ఆపుతుందన్నదే అసలు ప్రశ్న. 70 కిలోల మనిషి 2 మీటర్లు పడ్డాక తాడు అతన్ని 10 సెంటీమీటర్లలోనే గుంజి ఆపిందనుకోండి. అతని మీద పడే సగటు బలం బరువుకు 21 రెట్లు, అంటే 1470 కిలోల బరువుతో సమానం. అదంతా నడుము మీదే పడితే వెన్నెముక నిలవదు. అదే మనిషిని 1 మీటరు దూరంలో మెల్లగా ఆపితే బరువుకు 3 రెట్లే, అంటే 210 కిలోలు. అందుకే మంచి రక్షణ తాడుకు, పడినప్పుడు కుట్లు విడిపోతూ సాగే 'షాక్ అబ్జార్బర్' పట్టీ ఉంటుంది.

మోకు చేసే పని, చేయలేని పని

గీత కార్మికుల మోకు తెలివైన పనిముట్టు. మనిషి వెనక్కి వాలినకొద్దీ మోకు చెట్టును గట్టిగా పడుతుంది. ఘర్షణ పెరుగుతుంది, రెండు చేతులూ పనికి దొరుకుతాయి. అయితే మోకు పని మనిషిని నిలబెట్టడమే, పడిపోయే మనిషిని ఆపడం కాదు. వానకు తడిసిన చెట్టు మీద కాలు జారి ఒళ్లు చెట్టుకు దగ్గరైతే మోకు వదులై మనిషితో పాటే కిందికి జారుతుంది. ఒకవేళ మోకు పట్టుకున్నా, కట్టు నడుముకే ఉంటుంది కాబట్టి మనిషి తలకిందులై వేలాడే ప్రమాదం ఉంది.

ఈ బాధ గీత కార్మికులది మాత్రమే కాదు. తెరచాప పడవల స్తంభం మీద పని చేసే నావికులు వెనుకట పలకకు తాళ్లు కట్టి కూర్చుని పైకి పోయేవారు. కూర్చోవడానికి బాగుండేది గానీ, ఒరిగితే అందులోంచి జారిపడే ప్రమాదం ఉండేది. అందుకే తొడలకు, నడుముకు పట్టీలుండే హార్నెస్‌లు వచ్చాయి.

మూడు రకాలు

1. నడుము బెల్టు: నిలబడి పని చేయడానికే. పడినప్పుడు దీన్నొక్కదాన్నే నమ్మరాదు.
2. సిట్ హార్నెస్: నడుముకు, రెండు తొడలకు పట్టీలుంటాయి. కొండలెక్కేవారు వాడేది. తాడుకు వేలాడి పని చేయడానికి సుఖంగా ఉంటుంది.
3. ఫుల్ బాడీ హార్నెస్: భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటికీ పట్టీలుంటాయి. పడినప్పుడు బలాన్ని ఒళ్లంతా పంచుతుంది, తలకిందులు కానీయదు. టవర్లు, భవనాల మీద ఇదే వాడాలి.

సుఖం సోకు కాదు

గీత కార్మికుడు పొద్దున, సాయంత్రం ఎన్నో చెట్లు ఎక్కి దిగుతాడు. ఒరుసుకుపోయే బెల్టు రెండు రోజులు వేసుకుని మూడో రోజు గోడకు తగిలిస్తాడు. గోడకున్న బెల్టు ప్రాణం కాపాడదు. కాబట్టి తీసుకునేటప్పుడు ఇవి చూడాలి:

- తొడ పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. పట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు.
- వేసుకుని నేలకు ఒక అడుగు ఎత్తులో కొద్దిసేపు వేలాడి చూడాలి. నొప్పి, తిమ్మిరి ఉంటే వేరే కొలత తీసుకోవాలి.
- బెల్టు మీద ఐ.ఎస్. 3521 ప్రమాణం గుర్తు చూడాలి.
- కత్తితో పని చేసేవారికి నైలాన్ తాడు ఒక్కటే చాలదు. లోపల ఉక్కు తీగ ఉన్న తాడు గాని, రెండో తాడు గాని ఉండాలి.
- చిరిగిన కుట్లు, ఎండకు వెలిసిన పట్టీ, తుప్పు పట్టిన కొక్కెం ఉంటే వాడకూడదు. ఒక్కసారి పడిన మనిషిని ఆపిన బెల్టును మళ్లీ వాడకూడదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. బెల్టుకు కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోకి దిగి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే కాళ్లు ఆడిస్తూ ఉండాలి, వెంటనే దించే మనిషి దగ్గర్లో ఉండాలి. ఒంటరిగా ఎక్కరాదు.

మన దగ్గర జరిగిన మార్పు

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవారి పట్టీలు, తాళ్ల విద్యే ఇక్కడ చెట్టు దగ్గరికి వచ్చింది. ఆ విద్య మనకు కొత్తది కాదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. శిక్షణ దొరికితే తాళ్లు, కొక్కేలు ఎవరి చేతికైనా లొంగుతాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ బాపు మోకును, అన్న బెల్టును చేతిలోకి తీసుకుని కుట్టు కుట్టూ చూడండి. కిట్టు మూలకు పడి ఉంటే ఎందుకు వేసుకోవడం లేదో అడగండి. "ఇన్నేండ్ల సంది ఎక్కుతున్న, నాకేం గాదు" అంటే వాదించకండి. పట్టీలు సరిచేసి, ఒక అడుగు ఎత్తులో వేలాడదీసి చూపించండి. పైన చెప్పిన లెక్క కూడా వాళ్ల ముందే కాగితం మీద చేయండి. మనం చదువుతున్నది వాళ్ల రెక్కల కష్టం మీదే. వాళ్లు రోజూ క్షేమంగా నేల దిగేలా చూడటం మన చదువు బాధ్యత.