ధాన్యం సొమ్ము దారిలో ప్రశ్నలు, ప్రత్యుత్తరాలు



వ్యాపార సంస్థలు వాడుకునే సాఫ్ట్‌వేర్ అప్లికేషన్లు కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు, ఒక అప్లికేషన్ తనకు కావలసినదాన్ని మరొకదాన్ని అడుగుతూ పంపే సందేశాన్ని అభ్యర్థన అనీ, దానికి బదులుగా వచ్చే సందేశాన్ని ప్రత్యుత్తరం అనీ అంటారు. రెండు బాణాలతో తేలిపోయే ఈ వ్యవహారానికి ప్రత్యేకంగా నమూనా గీయడం దేనికన్నది చిరంజీవి ఉత్తరంలోని సందేహం. ఒకే ప్రోగ్రాములో ఒక భాగం మరొక భాగాన్ని పిలిచినంతవరకు ఆ సందేహం సబబే, ఎందుకంటే పిలిచేదీ పలికేదీ ఒకే యంత్రంలో, ఒకే యజమాని కింద ఉంటాయి, ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. అడిగేది ఒక సంస్థది, బదులు చెప్పవలసినది వేరొక సంస్థది, నడుమ ఉన్న దారి ఇంకెవరిదో అయినప్పుడు మాత్రం అడిగిన క్షణానికీ జవాబు అందిన క్షణానికీ మధ్య కొంత కాలం ఏర్పడుతుంది. ఆ కాలంలో అడిగినవారు ఏ స్థితిలో ఉండాలి, జవాబు ఎంతకీ రాకపోతే ఏం చేయాలి అన్నది ముందే తేల్చి రాసిపెట్టడమే నమూనా చేసే అసలు పని.

గోదావరి డెల్టాలో ధాన్యం అమ్మకం ఇందుకు చక్కని ఉదాహరణ. రైతు పంట ప్రభుత్వ పంటల నమోదు వ్యవస్థ ఈ-పంటలో నమోదై ఉంటుంది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన చోట కొనుగోలు జరుగుతుంది. ధాన్యం మిల్లుకు చేరుతుంది. రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ చెల్లింపు ఉత్తర్వు ఇస్తుంది. సొమ్ము ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2024 నవంబరులో దీనికి వాట్సాప్ కూడా తోడైంది. ఫోను నుంచి ‘హాయ్’ అని పంపిన రైతును ఆ సేవ ఆధార్ సంఖ్య, కొనుగోలు కేంద్రం, తేదీ, ధాన్యం రకం వంటివి వరుసగా అడిగి, అమ్మకానికి సమయం ఖాయం చేస్తుంది. రైతుకు కనిపించేది ఒక్క సంభాషణే అయినా, పని స్వభావాన్ని బట్టి చూస్తే దాని వెనుక ఈ రైతు పంట నమోదైందా, ఆ కేంద్రంలో ఆ రోజున ఖాళీ ఉందా అన్న వేర్వేరు ప్రశ్నలు వేర్వేరు వ్యవస్థలకు వెళ్లక తప్పదు.

అందుచేత సందేశాలను మొదట జాతులుగా విడదీయాలి. పంట నమోదైందా అన్నది విచారణ. దాన్ని పదిసార్లు అడిగినా లోకంలో ఏదీ మారదు. ఈ ఖాతాలో ఇంత సొమ్ము వేయండి అన్నది ఆజ్ఞ. దాన్ని రెండుసార్లు పంపితే రెండుసార్లు సొమ్ము పడే ప్రమాదం ఉంది. లారీ మిల్లుకు చేరింది అన్నది కేవలం సమాచారం, దానికి ప్రత్యుత్తరమే అక్కరలేదు. ప్రతి సందేశానికీ జవాబు ఆశించే నమూనా మర్యాదగా కనిపించవచ్చు గానీ, అవసరం లేని చోట కూడా అందరినీ ఎదురుచూసేలా చేస్తుంది. ఐబీఎం సంస్థ 1993లో తెచ్చిన సందేశాల వరుసల సాఫ్ట్‌వేర్ ఎం‌క్యూలో అభ్యర్థన, ప్రత్యుత్తరం, జవాబు కోరని సందేశం అన్న జాతి భేదం సందేశపు తలకట్టులోనే రాసి ఉంటుంది.

ఆ తలకట్టులో మరో రెండు గడులు ఉంటాయి. ఒకటి జవాబు ఏ వరుసలో వేయాలో చెప్పే తిరుగు చిరునామా. రెండోది ఈ జవాబు ఏ ప్రశ్నకు సంబంధించినదో చెప్పే జోడింపు సంఖ్య. ప్రశ్నను అందుకున్న అప్లికేషన్ ఆ ప్రశ్న సంఖ్యను తన జవాబులోని జోడింపు గడిలోకి ఎత్తి రాయడం ఆనవాయితీ. కోతల రోజుల్లో వందల లారీల వివరాలు ఒకేసారి కదులుతున్నప్పుడు జవాబులు ప్రశ్నల వరుసలోనే తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు కనుక ఈ సంఖ్య లేనిదే ఏ లారీ వివరాల చీటీకి (ట్రక్ షీటుకు) ఏ మిల్లు ఒప్పుకుందో పోల్చుకునే దారి ఉండదు. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో వెలువరించిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ గ్రంథం ఈ రెండింటికీ విడివిడిగా పేర్లు పెట్టి చర్చించింది, చిరంజీవి మిగిలిన అధ్యాయాలను తీరికగా చదివినా ఈ భాగాలను ముందుగా చదవడం మేలు.

ఇక కొత్తవారు తరచుగా కలిపేసేవి అందిందన్న మాట, అయిందన్న మాట. 2016 ఏప్రిల్ 11న ఆరంభమైన యూపీఐ వ్యవస్థను చూస్తే ఈ రెండూ ఎంత దూరమో తెలుస్తుంది. తణుకులో ఎరువుల కొట్టు ముందు ఒకరు ఫోనులో రహస్య సంఖ్య నొక్కినప్పుడు, వారి అప్లికేషన్ నుంచి వెళ్లిన చెల్లింపు అభ్యర్థనకు జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ వెంటనే ఇచ్చేది అందినట్టు రసీదు మాత్రమే. ఆ తర్వాత ఎన్‌పీసీఐ కొట్టువారి తరఫు సంస్థను ఖాతా వివరాలు అడిగి, కొన్నవారి బ్యాంకుకు సొమ్ము తగ్గించమనీ, కొట్టువారి బ్యాంకుకు జమ చేయమనీ వేర్వేరు అభ్యర్థనలు పంపి, వాటన్నిటికీ జవాబులు వచ్చాకే ఫలితాన్ని మరొక సందేశంగా తిరిగి పంపుతుంది. ఒక్కొక్క సందేశానికీ తనదైన సంఖ్య ఉంటుంది, వాటన్నిటినీ కలిపే లావాదేవీ సంఖ్య వేరే ఉంటుంది. రసీదును ఫలితంగా పొరబడి గీసిన నమూనాలో సొమ్ము ఎప్పుడూ చేరినట్టే కనిపిస్తుంది.

జవాబే రాని మౌనం సంగతి ఇంతకన్నా చిక్కైనది. ముందు దాని అర్థం తేలికగా తెలిసే చోటు చూద్దాం. రాజమండ్రి వద్ద 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన ఒంటి పట్టాల వంతెన. రైల్వే బ్లాక్ పద్ధతి ప్రకారం అవతలి స్టేషను నుంచి ‘లైన్ క్లియర్’ అన్న అనుమతి అందనిదే కొవ్వూరు వైపు నుంచి బండి వంతెన మీదికి కదలడానికి వీలుండేది కాదు. అక్కడ మౌనానికి అర్థం ఒక్కటే, వద్దు అని. దానివల్ల కలిగే నష్టం బండి ఆగి ఉండటమే. చెల్లింపులో మౌనానికి ఆ అర్థం చెప్పడం కుదరదు. జమ చేయమని బ్యాంకును అడిగినప్పుడు జవాబు రాలేదంటే, అభ్యర్థన దారిలోనే పోయి ఉండవచ్చు, బ్యాంకు తిరస్కరించిన జవాబు పోయి ఉండవచ్చు, లేదా సొమ్ము నిక్షేపంగా జమయ్యాక ఆ కబురు మాత్రమే పోయి ఉండవచ్చు. మౌనాన్ని ‘కాదు’గా తీసుకుని మళ్లీ పంపితే రెండుసార్లు జమ కావచ్చు, ‘అవును’గా తీసుకుని ఊరుకుంటే మండపేట రైతు బ్యాంకు చుట్టూ తిరగవలసి రావచ్చు. కాబట్టి అయింది, కాలేదు అన్న రెండు స్థితులతో గీసిన చెల్లింపు నమూనా ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే, దానిలో ‘తేలలేదు’ అన్న మూడో స్థితికి గది ఉండాలి.

ఆ స్థితి నుంచి బయటపడే దారులు కూడా నమూనాలోనే ఉండాలి. ఆజ్ఞను మళ్లీ పంపే ముందు దాని గతి ఏమైందని విచారణ పంపడం మొదటి దారి. ముందే చెప్పినట్టు విచారణను ఎన్నిసార్లు పంపినా హాని లేదు, యూపీఐలో లావాదేవీ స్థితి తెలుసుకునే సందేశం ఇందుకే ఉంది. ఆజ్ఞనే తిరిగి పంపవలసి వస్తే పాత సంఖ్యతోనే పంపడం రెండో దారి. అందుకునేవారు ఆ సంఖ్యను తమ ఖాతాలో వెతికి, ఇదివరకే నెరవేర్చి ఉంటే పని మళ్లీ చేయకుండా పాత జవాబునే తిరిగి ఇవ్వాలి. కొత్త సంఖ్యతో పంపడమంటే కొత్త చెల్లింపు కోరడమే. ఈ రెండు దారులతోనూ తేలని చోట, రోజు చివర ఇరువైపుల లెక్కలు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం ఒక్కటే శరణ్యం.

ఎంతసేపు ఎదురుచూడాలన్నది ప్రోగ్రామరు ఇష్టానికి వదలవలసినది కాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వులో, ఒకరి ఖాతాలో తగ్గి మరొకరి ఖాతాలో చేరని యూపీఐ బదిలీ సొమ్ము మరుసటి రోజులోగా వెనక్కి రావాలనీ, దుకాణానికి చేసిన చెల్లింపు ఖాయం కాని పక్షంలో అయిదు రోజుల్లోగా రావాలనీ, ఆపైన జాప్యానికి రోజుకు 100 రూపాయలు ఖాతాదారుకు ఇవ్వాలనీ నిర్దేశించింది. సాంకేతిక గడువు కొన్ని సెకన్లే కావచ్చు, వ్యాపార గడువు రోజుల్లో ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు గడియారాలు కనుక నమూనాలో వేర్వేరుగా కనిపించాలి. గీతల విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్ నమూనాలు గీసే యూఎంఎల్ పద్ధతిలోని క్రమచిత్రంలో జవాబు కోసం ఆగి ఉండే పిలుపుకు నిండు మొన బాణం, ఆగకుండా సాగే సందేశానికి తెరిచిన మొన బాణం, ప్రత్యుత్తరానికి తెగిన గీత వాడతారు. వ్యాపార ప్రక్రియలు గీసే బీపీఎంఎన్ పద్ధతిలో జవాబు, గడువు రెండిటిలో ఏది ముందు వస్తే ఆ దారిన పని సాగేలా చూపే డైమండ్ ఆకారపు గుర్తు ఉంది. మౌనాన్ని కాగితం మీద సూటిగా చూపుతుంది కాబట్టి ఇటువంటి పనికి ఆ పద్ధతే మెరుగు.

సందేశంలోని మాటల అర్థం గురించి కూడా కొంత చెప్పాలి. డెల్టాలో రైతు బస్తా అంటే 75 కిలోలు, మద్దతు ధర మాత్రం క్వింటాలుకు ప్రకటిస్తారు. 2024–25 సీజనుకు సాధారణ రకానికి క్వింటాలు 2,300 రూపాయలంటే రైతు లెక్కలో బస్తా 1,725 రూపాయలు. పరిమాణం అన్న గడిలో 40 అని ఉండి కొలత రాయకపోతే, రెండు అప్లికేషన్లూ తప్పులేకుండా మాట్లాడుకుంటూనే తప్పు సొమ్ము పంపగలవు. అలాగే 2022 ఏప్రిల్ 4న పాత ఉభయ గోదావరి జిల్లాల నుంచి కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలు విడివడ్డాయి. జిల్లా సంకేతం ఉన్న ప్రతి సందేశమూ అది ఏ తేదీ నాటి పట్టికను అనుసరిస్తుందో చెప్పవలసిన అవసరం అప్పుడు వచ్చింది.

వచ్చే ఉత్తరానికి ముందు చిరంజీవి గీయవలసిన చిత్రం ఒకటి ఉంది. అమలాపురం వైపు ఒక రైతుకు అమ్మకపు సమయం ఖాయమైంది, కేంద్రంలో తేమ పరిమితి అయిన 17 శాతం లోపే ఉందని తేలి ధాన్యం మిల్లుకు వెళ్లింది, అక్కడి కొలతలో తేమ ఎక్కువని తేలింది. చెల్లింపు ఉత్తర్వు అప్పటికే బయలుదేరింది, రైతు ఆధార్‌కు ముడిపడిన ఖాతా ఏదో పల్లెల్లో ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్’ అంటున్న పట్టికలో లేదు. ఎవరు ఎవరిని అడగాలి, ఏ జవాబు రసీదు, ఏది ఫలితం, ఏ సంఖ్య వీటన్నిటినీ కలుపుతుంది, ఎన్నో రోజున ఎవరి బల్ల మీదికి ఈ వ్యవహారం మనిషి చూడవలసినదిగా చేరుతుంది అన్నవి ఒకే కాగితం మీద కనిపించేలా గీసి పంపాలి.