గిన్నె తొలగలేదు, బలము కలిగెను

శ్రమకాల ధ్యానము

పాఠ్యభాగము: లూకా 22:39–46
చదువదగిన ఇతర భాగములు: 1 రాజులు 19:1–8, 2 కొరింథీయులకు 1:3–7, 12:7–10



శ్రమకాలము మరల మన యెదుటికి వచ్చినది. భస్మ బుధవారము మొదలు పునరుత్థాన పండుగకు ముందటి శనివారము వరకు, ఆదివారములను మినహాయించి లెక్కించినయెడల, ఈ దినములు 40. ఈ దినములలో మన ప్రభువు శ్రమలను ధ్యానించుచున్నాము. అయితే మన యిండ్లలో కొందరి శ్రమలు బుధవారమున మొదలై పండుగతో ముగియునవి కావు. మంచము పట్టిన తల్లి ఉన్నది. తీరని అప్పు ఉన్నది. బిడ్డను సమాధిచేసి వచ్చిన యిల్లున్నది. వీరి నోట ఒకే ప్రశ్న: “ఇంతగా ప్రార్థించితిమి గదా, దేవుడు వినలేదా?” ఈ ప్రశ్నకు ఉత్తరమును గెత్సేమనే తోటలో వెదకుదము.

1. తొలగించుమని అడుగుట అవిశ్వాసము కాదు

గెత్సేమనే అను మాటకు నూనె గానుగ అని అర్థము. ఒలీవల కొండమీది కాయలను నలుగగొట్టి నూనె తీయు చోటది. నువ్వులు గానుగ ఆడించిన మన పెద్దలకు, నలుగనిదే నూనె దిగదని తెలియును. అయితే ఈ పోలికను దుఃఖములోనున్న వారి మీదికి త్వరపడి విసరకూడదు. నలుగుట మేలని ప్రభువు ఆ రాత్రి చెప్పలేదు. తన ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నదని శిష్యులతో దాచక చెప్పెను (మత్తయి 26:38). సాధ్యమైతే ఆ గిన్నె తొలగవలెనని తండ్రిని వేడుకొనెను. ఒకమారు కాదు, మూడుమారులు ప్రార్థించెను. కుమారుడే అట్లు అడిగినప్పుడు, “ఈ జబ్బు పోగొట్టుము, ఈ అప్పు తీర్చుము” అని మనము అడుగుట తప్పెట్లగును? అడుగుడి, కన్నీటితోనే అడుగుడి. అయితే ఆయన వలెనే, చివరి మాటను తండ్రి చిత్తమునకు విడిచిపెట్టుడి.

2. దూత వచ్చిన తరువాత ఏమి జరిగెను?

పరలోకమునుండి ఒక దూత వచ్చి ఆయనను బలపరచెనని లూకా 43వ వచనములో చదువుచున్నాము. దాని తరువాత ఏమి వ్రాయబడియుండునని మనమనుకొందుము? వేదన శాంతించెననియు, ఆయన ముఖము తెరిపిన పడెననియు అనుకొందుము. అట్లు లేదు. 44వ వచనములో ఆయన వేదనపడి ఇంకను ఎక్కువ ఆతురతతో ప్రార్థించెననియు, ఆయన చెమట రక్తబిందువులవలె నేల పడెననియు ఉన్నది. ఈ వరుసను గమనింపుడి. దూత రాక వేదనను ముగించుటకు కాదు. ఆ వేదనలో ఇంకను ప్రార్థించుటకు కావలసిన బలమునిచ్చుటకే.

ఈ రెండు వచనములు కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో కనబడవు. అయినను రెండవ శతాబ్దమునాటి జస్టిన్ అను హతసాక్షి, ప్రభువుయొక్క ఆ చెమటను గూర్చి తన గ్రంథములో ప్రస్తావించెను. హెబ్రీ పత్రిక కూడ ఆయన మహా రోదనముతోను కన్నీళ్లతోను ప్రార్థించెననియు, ఆయన మొర అంగీకరింపబడెననియు చెప్పుచున్నది (5:7).

అంగీకరింపబడినయెడల సిలువ ఏల తప్పలేదు? మరణమునుండి విడుదల మూడవ దినమున పునరుత్థానములో కలిగెను. ఆ రాత్రికైతే కలిగిన ఉత్తరము బలమే. చూడుడి, తోటలోనికి వచ్చినప్పుడు ఆయన నేలను సాగిలపడెను. ప్రార్థన ముగిసినప్పుడు తానే లేచి, నిద్రించుచున్నవారిని లేపి, తన్ను పట్టుకొనవచ్చువారికి ఎదురుగా నడచెను. గిన్నె అదే, దానిని అందుకొను చెయ్యి మాత్రము వణకలేదు.

3. ప్రయాణమునకు తగిన రొట్టె

ఏలీయా బెయేర్షెబా దాటి, అరణ్యములో ఒక దినప్రయాణము పోయి, చెట్టుక్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దూత అతని గద్దింపలేదు. యెజెబెలును తొలగించెనని శుభవార్తయు తేలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టెను, కూజాతో నీళ్లను అతని తలదగ్గర ఉంచెను. అతడు తిని మరల పండుకొనెను. రెండవమారును అట్లే జరిగెను. ఆ భోజనపు బలముచేత అతడు 40 రాత్రింబగళ్లు నడచి హోరేబు చేరెను. మన 40 దినములను లెక్కించునప్పుడు ఇతని 40 దినములనుకూడ జ్ఞాపకముంచుకొందము. దారి తగ్గలేదు, దారికి సరిపడు రొట్టె దొరికెను.

మరియొక సంగతి. దేవుడు అతనికి మొదట ఇచ్చినది ప్రసంగము కాదు, తిండియు నిద్రయు. కాబట్టి వైద్యుడు, మందు, విశ్రాంతి, ఇవియు దేవుని చేతిలోనివే. వైద్యుడిచ్చిన మాత్రలను మాని అదే విశ్వాసమనుకొనువారు ఈ అధ్యాయమును మరల చదువవలెను.

పౌలుకూడ తన ముల్లు తొలగవలెనని మూడుమారులు వేడుకొనెను. ముల్లు నిలిచెను, కృప చాలెను. అతడే కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, మొదటి అధ్యాయము 3 నుండి 7 వరకుగల వచనములలో, మనము ఆదరణ అనియు ఆదరించుట అనియు చదువు గ్రీకు మాట 10 మారులు వచ్చుచున్నది. చేరువకు పిలుచుట అని ఆ మాటకు మూలార్థము. ఆదరణ అనగా బాధ పోయినదను వార్త కాదు. బాధలో ఒకడు మన ప్రక్కకు వచ్చి నిలుచుటయే.

4. మన సంఘములో

మా సంఘములో ఒక తల్లి పక్షవాతము వచ్చిన భర్తకు ఏండ్ల తరబడి ఉపచారము చేయుచున్నది. నేను ఆమెను పరామర్శింపగా, “అయ్యగారూ, మంచం అక్కడే ఉందండి. తెల్లారి లేచే బలం మాత్రం ఏ రోజుకా రోజు వస్తోంది” అనెను. గెత్సేమనే పాఠమును ఇంతకంటె తేటగా నేను చెప్పలేను.

అయితే ఆ బలము అనేక పర్యాయములు మనుష్యుల చేతులద్వారా వచ్చును. ప్రభువు ఆ రాత్రి ముగ్గురిని తనతోకూడ మెలకువగా ఉండుమని అడుగగా, వారు నిద్రపోయిరి. నేడును శ్రమపడువాని యింటికి మన రాక తక్కువ. పోయినను, “ఏ పాపము చేసిరో” అను మాట తొందరగా వచ్చును. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు అట్లే అడుగగా ప్రభువు ఒప్పుకొనలేదు (యోహాను 9:3). యోబు స్నేహితులు చేసిన మేలైన పని, మొదటి ఏడు దినములు మాటలాడక అతనితో నేలను కూర్చుండుటయే (యోబు 2:13). నోరు తెరచిన తరువాతనే అతనికి భారమైరి.

కాబట్టి ఈ శ్రమకాలములో ప్రతి కుటుంబము ఒక యింటిని ఏర్పరచుకొనుడి. వారమునకొకసారి అక్కడికి పోయి ఒక గంట కూర్చుండుడి. ఒక కీర్తన చదివి, చిన్న ప్రార్థన చేయుడి. ఇంత గంజి కాచి ఇయ్యుడి. ఆసుపత్రికి తోడు పొండి. దేవదూతలు చేసిన పని ఇదే.

ఆలోచించుటకు

1. లూకా 22:43, 44 వచనముల వరుసనుబట్టి, బలపరచబడుట అనగా ఏమని గ్రహించితిరి?
2. మీరు అడిగినది దొరకక, నడచుటకు బలము మాత్రము దొరికిన సమయము ఎప్పుడైనను కలదా?
3. మన సంఘములో ఈ వారము ఎవరి ప్రక్కను కూర్చుండవలెను?

ప్రార్థన

గెత్సేమనేలో ఒంటరిగా మెలకువనున్న ప్రభువా, మా గిన్నె తొలగుట నీ చిత్తమైతే తొలగించుము. కానియెడల దానిని పట్టుకొను చేతికి బలమిమ్ము. నిద్రమత్తులోనున్న మమ్మును లేపి, ఏడ్చువారి ప్రక్కకు నడిపించుము. ఆమేన్.