సీసా మీది బంక: నీళ్లతో పోతుందా, నూనెతోనా?



జామ్ అయిపోయింది. సీసా బాగుంది కదా, పోపు దినుసులకో కందిపొడికో పనికొస్తుందని కడుగుతాం. లేబుల్ సగం చిరిగి వస్తుంది, మిగతా సగం బంకగా అంటుకుపోతుంది. ఎంత తోమినా దుమ్ము పట్టి నల్లబడుతుందే తప్ప పోదు. ఈ ఆదివారం ఆ సీసాను మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. 'కరిగేవి, కరగనివి' అని వాళ్లు క్లాసులో చదివే పాఠమే ఇది. జవాబు మాత్రం ముందే చెప్పేయకండి.

దానికి బదులు ఒక ప్రశ్న వేయండి: పనసకాయ కోసే ముందు అమ్మమ్మ చేతులకూ కత్తికీ నూనె ఎందుకు రాసుకుంటుంది? పనస పాలు నీళ్లతో కడిగితే వదలవు, నూనె రాస్తే వదులుతాయి. లేబుల్ జిగురు కూడా చాలావరకు ఆ కోవలోదే. మైదా బంకతో అంటించిన కాగితం నీళ్లలో నానితే దానంతటదే ఊడుతుంది. వెనక కాగితం తీసి అంటించే లేబుళ్లు వేరు. 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ మొదలుపెట్టిన రకం ఇది. వీటికి రబ్బరు లేదా అక్రిలిక్ జిగురు వాడతారు. నీళ్లు అందులోకి చొరబడలేవు. నూనె మెల్లగా చొరబడి దాన్ని మెత్తబరుస్తుంది.

సీసాను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పైకాగితం గోటితో తీయించండి. తడి పూర్తిగా తుడిచాక, మిగిలిన బంకను స్కెచ్ పెన్‌తో మూడు భాగాలు చేయమనండి. ఒకదానికి నీళ్లు, ఒకదానికి సబ్బునీళ్లు, ఒకదానికి వంటనూనె. ఏది గెలుస్తుందో ముందే కాగితం మీద రాయించండి. ఊహ తప్పినా ఫరవాలేదు, కొట్టేయనివ్వకండి. ఇరవై నిమిషాలయ్యాక పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే తేడా వాళ్లకే తెలుస్తుంది. మొండి బంక అయితే నూనెలో కాస్త వంటసోడా కలిపి ముద్దలా పట్టించి రుద్దాలి. స్టీలు పీచు వాడితే గాజు మీద గీతలు పడవచ్చు.

ఇక్కడ పెద్దవాళ్లు తొందరపడే చోట్లు రెండున్నాయి. ఒకటి, మరిగే నీళ్లు. గాజు వేడిని త్వరగా అటూ ఇటూ పంపలేదు. వేడి తగిలిన వైపు వ్యాకోచిస్తుంది, రెండో వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. అంతలో సీసా పగులుతుంది, పిల్లల చేతుల్లోనే. రెండోది థిన్నర్, పెట్రోల్. బంక క్షణంలో పోవచ్చు గానీ, ఆ ఆవిరికి మంట చాలా దూరం నుంచే అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో వాటికి చోటు లేదు. బ్లేడు కూడా పిల్లల చేతికి ఇవ్వకండి.

బంక పోయాక నూనె జిడ్డు మిగులుతుంది. దానికి గిన్నెల సబ్బు. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని. పదో తరగతి పిల్లలుంటే దీన్నే 'మైసెల్' బొమ్మ గీసి వివరించమనండి. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే బొమ్మ అప్పుడు చేతికి తగులుతుంది.

కడిగిన సీసాను, మూతను విడివిడిగా బోర్లించి, తర్వాత ఎండలో పెట్టండి. మూత లోపలి అంచులో తడి ఉంటే పచ్చడికి బూజు పడుతుంది.

ఇదే పని కొత్త స్టీలు గిన్నెల మీది ధర స్టిక్కర్లకూ చేయవచ్చు. గిన్నెలో వేడినీళ్లు పోసి కాసేపు ఉంచితే జిగురు మెత్తబడి స్టిక్కర్ తేలిగ్గా వస్తుంది. నోట్‌బుక్ అట్టల మీద మాత్రం నూనె వద్దు, కాగితం పీల్చుకుని మచ్చ మిగిలిపోతుంది.