గిజిగాడు

వానకాలమున సూర్యాపేటనుండి కోదాడకుగాని, మిర్యాలగూడకుగాని పోవు బాటసారులకు త్రోవప్రక్కన ఒక వింత కానవచ్చును. పొలముగట్లపై నిలిచిన తాటిచెట్ల ఆకుకొనలనుండి, గడ్డితో అల్లిన పొడవైన తిత్తులు వ్రేలాడుచుండును. గాలి వీచినప్పుడు అవి ఊయెలలవలె ఊగును. ఇవియే గిజిగాని గూళ్లు.

గూటిని గుర్తించుట సులభము. పిట్టను గుర్తించుట అంత సులభము కాదు. గిజిగాడు ఊరపిచ్చుక యంతటి పక్షి. ముక్కుకొననుండి తోకకొనవరకు దాని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దాని ముక్కు గింజలను చిట్లించుటకు తగినట్లు పొట్టిగా, లావుగా ఉండును. శీతకాలమున ఆడుపిట్టయు మగపిట్టయు ఒకే తీరుగా కనబడును. వాని వీపు గోధుమవన్నెతో, నల్లని చారలతో ఉండును. పొట్ట లేత మట్టిరంగున ఉండును. అప్పుడు వానిని చూచినవారు ఆడుపిచ్చుకలని భ్రమపడుదురు.

తొలకరి వానలు కురియగానే మగపిట్ట వేషము మారును. తలపైనను రొమ్ముపైనను పసుపువన్నె మెరయును. చెక్కిళ్లును గొంతును ముదురు గోధుమరంగు ముసుగు వేసినట్లగును. ముక్కు నల్లబడును. ఆడుపిట్ట రూపము మాత్రము మారదు. ఊరపిచ్చుక ఇండ్ల చూరులలోను, గోడల కంతలలోను గూడు పెట్టును. గిజిగాడు గుంపుగా చేరి చెట్లపై కట్టును. కావున ఈ పక్షిని రంగునుబట్టి మాత్రమే కాక, కాలమును, చోటును, నడవడిని కూడ చూచి గుర్తింపవలెను.

గూడు కట్టు పని మగపిట్టది. అది వరియాకు అంచునో, పొడవైన గడ్డిపోచ అంచునో కొరికి, నోట బట్టి ఎగిరి, సన్నని పోగుగా చీల్చును. ఒక్కొక్క పోగు 20 మొదలు 60 సెంటీమీటర్ల పొడవుండును. ఒక్క గూటికై అది 500 మార్లవరకు పోగులు తెచ్చును. సుమారు 18 దినములు పాటుపడును. మొదట ఆకుకొనకు ముడులు వేసి, దానిక్రింద ఒక వలయమును అల్లును. పిమ్మట గూడు బోర్లించిన టోపీవలె అగును. అంతట పని నిలిపి, రెక్కలు అల్లార్చుచు కిచకిచలాడి, తుదకు దీర్ఘముగా ‘చీ’ యని కూయును. గుంపులోని మగపిట్టలన్నియు అట్లే గొంతు కలుపును.

ఆ పాట విని ఆడుపిట్టలు వచ్చి గూళ్లను పరీక్షించును. నచ్చినచో ఆడుపిట్ట ఆ గూట చేరును. అప్పుడు మగపిట్ట గ్రుడ్లగదిని ముగించి, క్రిందికి వ్రేలాడు గొట్టమును అల్లును. నచ్చనిచో గూడు సగములోనే ఆగిపోవును. ఆడుపిట్ట 2 మొదలు 4 తెల్లని గ్రుడ్లు పెట్టి, 14 మొదలు 17 దినములు పొదుగును. ఈలోగా మగపిట్ట వేరొక గూటికి పూనుకొని, మరియొక ఆడుపిట్టను పిలుచును. ఈ రహస్యమును సాలిం అలీ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1930లో బొంబాయి సమీపమునగల కిహీం గ్రామమున కనిపెట్టి, 1931లో ప్రకటించెను. 1931–32లో ఆయన అప్పటి హైదరాబాదు రాజ్యములోని పక్షులను పరిశీలించెను. నేటి సూర్యాపేట ప్రాంతము ఆనాడు ఆ రాజ్యములోనిదే.

గిజిగాడు మిణుగురు పురుగులను మట్టిలో గ్రుచ్చి దీపములుగా పెట్టుకొనునని పెద్దలు చెప్పుదురు. గూటిలో మట్టిపూత ఉండుట నిజము. దీపముల మాటకు మాత్రము నిదర్శనము దొరకలేదు.

ఈ పక్షి బ్రతుకు మూడింటిపై ఆధారపడియున్నది: గూడు వ్రేలాడుటకు చెట్టు, సమీపమున నీరు, అల్లుటకు పచ్చని గడ్డి. మూసీ, పాలేరు తీరములందును, 1967లో నీరు వదలిన నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది వరిమళ్లయందును ఈ మూడును కలవు. తాటియాకు కొనకు పాము ప్రాకుట కష్టము. తుమ్మకు ముండ్లే కావలి. బావిపై వ్రేలాడు గూటికి నీరే కందకము. చెట్టు నరికినచో, నీరును గడ్డియు ఉన్నను గిజిగాడు అచట నిలువజాలదు.

వరి పాలుపోసికొను వేళ ఈ పిట్టలు గుంపులుగా వ్రాలి గింజలు తినుట నిజమే. అందువలన రైతులు మంచె యెక్కి వడిసెలతో వానిని తోలెడివారు. కాని ఆ కోపమున గూళ్లను రాల్చుట తగదు. గూళ్లలో పిల్లలుండు దినములలో పైరు ఇంకను పచ్చగా ఉండును. తల్లి అప్పుడు పిల్లలకు పురుగులను కూడ మేపును.

కొందరు బాలురు గూటిని వింతవస్తువని తెంపి ఇంటికి తెచ్చుకొందురు. క్రిందనుండి చూచువారికి లోపలి గ్రుడ్లు కానరావు, పిల్లలును కానరావు. కావున చెట్టుపైనున్న గూటిని ముట్టరాదు. గాలికి రాలి నేలబడిన పాతగూటిని తీసికొని, పోగుపోగును విప్పి చూచినచో, ముక్కు తప్ప వేరు పనిముట్టు లేని ఆ చిన్నపక్షి నేర్పు ఎంతటిదో తెలియగలదు.