పాల సంచి తెలుపు - జంట స్క్రూల పని

మనం సంఘంలో పోసిన పాలు డెయిరీలో శుద్ధి అయి, పట్నంలో ఇంటి గుమ్మం చేరేది పలుచని పాలిథీన్ సంచిలో. ఆ ఫిలిం మందం సుమారు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆవగింజలో పదో వంతు గడ్డ అందులో చిక్కినా ఫిలిం మందాన్ని మించిపోతుంది. అక్కడ బలం తగ్గి సంచి కారవచ్చు. కారిన పాలకు డబ్బు రాదు. ఆ నష్టం తిరిగి తిరిగి పాడి రైతు లెక్కలోకే వస్తుంది.

ఈ గడ్డ ఎక్కడిది? ఫిలిం తెల్లగా ఉండటానికి టైటానియం డయాక్సైడ్ అనే పొడి కలుపుతారు. ఇది అందానికి మాత్రమే కాదు. వెలుతురు సోకితే పాలలో బి2 విటమిను తగ్గి రుచి చెడుతుంది. తెలుపు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది. పొడిని ముందుగా కొంత ప్లాస్టిక్‌లో దట్టంగా కలిపి గుళికలు చేస్తారు. వీటిని మాస్టర్‌బ్యాచ్ అంటారు. గడ్డలు విడిపోవలసింది ఇక్కడే. తర్వాత ఫిలిం తీసే యంత్రంలో సాధారణంగా ఉండేది ఒంటి స్క్రూ. దానికి గడ్డను చితిపే శక్తి తక్కువ.

అంబలి కాచే ఇల్లాలికి ఇది తెలిసిన సంగతే. రాగిపిండి ఉండ కట్టినప్పుడు తెడ్డు ఎంత గిరగిర తిప్పినా ఉండలు చోటు మారతాయే గాని విడవు. గిన్నె గోడకు నొక్కి నలపాలి. ఉప్పు అంతటా పట్టడానికి మాత్రం తిప్పితే చాలు. నలపడం వేరు, పంచడం వేరు.

జంట స్క్రూ యంత్రంలో రెండు స్క్రూలు వేడి గొట్టంలో ఒకదానిలో ఒకటి ఇమిడి ఒకే దిశలో తిరుగుతాయి. జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన రుడాల్ఫ్ ఎర్డ్‌మెంగర్ 1940, 1950 దశకాలలో తీర్చిన రూపమే నేటికీ దీనికి ఆధారం. ఇరుసు మీద విడి ముక్కలు తొడుగుతారు. చుట్లు ఉన్న ముక్కలు సరుకును ముందుకు నెడతాయి. కలిపే పని ముఖ్యంగా పిసికే బిళ్లలది. కోలగా ఉండే ఈ బిళ్లలను ఒకదాని పక్కన ఒకటి కొంత మెలితిప్పి పేరుస్తారు.

బిళ్ల వెడల్పుగా ఉంటే సరుకు పక్కకు జారుకోలేదు. బిళ్ల అంచుకూ గొట్టం గోడకూ నడుమ ఇరుకు సందులో నలిగి గడ్డ చిట్లుతుంది. సన్నని బిళ్లల మధ్య సరుకు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. బాగా పంచుకుంటుంది, అంతగా నలగదు. మెలి 30 డిగ్రీలైతే ముందుకు తోసే గుణం కొంత ఉంటుంది. 90 అయితే తోపు ఉండదు, వెనుక ఒత్తిడే కదపాలి. బిళ్లల తర్వాత ఎదురు చుట్ల ముక్క పెడితే, కాలువకు అడ్డుకట్ట వేసినట్టు సరుకు నిలిచి బిళ్లల చోటు నిండుతుంది. నిండని చోట పిసకడం సరిగా జరగదు.

అలాగని అన్నీ వెడల్పు బిళ్లలే పెడితే వేడి పెరిగి ప్లాస్టిక్ మాడుతుంది. ఆ మాడు నలుసులే కొత్త మచ్చలు! అందుకే వెడల్పువి కొన్ని పెట్టి, వాటి తర్వాత సన్నవి ఉంచుతారు.

ఈసారి ఖాళీ సంచిని కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చారలుంటే రంగు సమంగా పంచుకోలేదు. నలుసులుంటే గడ్డ విడలేదు, లేదా ప్లాస్టిక్ మాడింది. సంచి అతుకు దగ్గరే కారుతుంటే మాత్రం మొదట అనుమానించవలసింది అతుకు వేసే వేడిని, స్క్రూను కాదు.