లాంతరు చేప వయసెంత?

మా ఊళ్ళో ఎద్దును బేరమాడేటప్పుడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. అమ్మేవాడు చెప్పిన వయసు ఎవరూ నమ్మరు. చేపకైతే తలలో, చెవి భాగంలో ఉండే చిన్న రాయిని చూడాలి. దాన్నే ఓటోలిత్ అంటారు. చెట్టు మానులో ఉన్నట్టే అందులోనూ వలయాలుంటాయి. ఇది తెలియక మొదటి ఏడు ప్రాక్టికల్స్‌లో "చేప పెద్దది కాబట్టి వయసెక్కువ" అని రాసి చీవాట్లు తిన్నాను. ఈ వ్యాసం ఆ చీవాట్ల ఫలమే!

బెంథోసీమా గ్లేసియాలె అనే లాంతరు చేపను తీసుకుందాం. ఉత్తర అట్లాంటిక్‌లోనూ, మధ్యధరా సముద్రంలోనూ ఉంటుంది. ఎంత పెరిగినా 10 సెంటీమీటర్లే. ఒంటినిండా వెలుగు చుక్కలు. పగలంతా వందల మీటర్ల లోతున ఉండి, చీకటి పడ్డాక చాలామటుకు పైకొచ్చి కోపిపాడ్ల వంటి చిన్న జీవుల్ని తింటుంది.

నార్వే ఫియర్డులలో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, లోతు నీరు 6–8 డిగ్రీలుంటుంది. అక్కడ ఈ చేప నింపాదిగా పెరుగుతుంది, గుడ్లు పెట్టే ఈడుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఈ జాతి ఎనిమిదేళ్ళ దాకా బతకగలదు. మధ్యధరాలో లోతు నీరు ఏడాది పొడుగునా 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడిది చిన్నగానే ఆగిపోతుంది, చిన్నగా ఉండగానే ఈడుకొస్తుంది. విత్తనం ఒకటే, పొలం వేరు. కాలువ మొదట్లో చేనూ శివారు చేనూ ఒక్కలా పండుతాయా?

వెచ్చదనం ఒంటి పనిని తొందరపెడుతుంది, ఆ ఖర్చుకు తగ్గ తిండీ కావాలి. ఉత్తరాన వేసవిలో తిండి పుష్కలం, శీతాకాలంలో కరువు. అందుకే అక్కడి రాయిలో ఏటేటి వలయం స్పష్టంగా పడుతుంది.

మన అరేబియా సముద్రంలో దీని దాయాది బెంథోసీమా టెరోటమ్ ఉంది. అది ఏడాదిలోపే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి పోతుంది. దాని రాయిలో ఏటి వలయం కోసం వెతికితే ఏం దొరుకుతుంది? రోజువారీ వలయాలు లెక్కపెట్టాలి. రాయిలో రోజుకొక వలయం పడుతుందని 1971లో పన్నెల్లా అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. రోజు గీతను ఏడాది గీత అనుకున్నామా, లెక్కంతా తారుమారే.

ఇంకో చిక్కు వలది. కంత పెద్దదైతే పిల్లలు జారిపోతాయి, వల నెమ్మదిగా లాగితే పెద్దవి తప్పించుకుంటాయి. వేర్వేరు వలల్లో పడ్డవాటి సగటు పొడవులు పోల్చి "ఇక్కడివి బాగా పెరుగుతున్నాయి" అనేస్తే ఎలా? పైగా అంటార్కిటికా దగ్గరి స్కోషియా సముద్రంలో కొన్ని లాంతరు చేపల పిల్లలు దాదాపు కనబడవు, పెద్దవే ఉంటాయి. పెద్దవి దొరికిన చోటే అవి పెరిగాయని అనలేం.

చేపపిండి కోసం ఈ చేపల్ని పట్టాలని చాలాకాలంగా పలుచోట్ల ఆలోచన ఉంది. ఏడాదికి తిరిగి నిండే అరేబియా చేప లెక్కతో ఫియర్డు చేపను పడితే, గుడ్లు పెట్టవలసిన చేప ఒక్కసారైనా పెట్టకముందే వలకెక్కుతుంది.