5/11 అంటే ఏ రోజు?

05/11/2014. ఈ తేదీని పైకి చదవండి. 'నవంబరు 5' అన్నారు కదూ! మనం ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం వేస్తాం. అమెరికాలో నెలను ముందు వేస్తారు. అక్కడివారికి ఇదే తేదీ 'మే 11'.

ఇది ఒక పిల్లవాడి పుట్టినరోజు అనుకోండి. సమాచారాన్ని పట్టికలుగా భద్రపరచే కంప్యూటరు ప్రోగ్రామును డేటాబేస్ అంటారు. అది మొదటి అంకెను నెలగా తీసుకుంటే పిల్లవాడి వయసు ఒక్కసారిగా 178 రోజులు పెరిగిపోతుంది! బడిలో చేర్చడానికి లెక్క చూసినా, టీకా వేయడానికి లెక్క చూసినా తప్పే వస్తుంది.

ఇలాంటి తికమక తేదీలు ఏడాదిలో ఎన్ని? లెక్క వేద్దాం. నెలలు పన్నెండే కనుక 13, ఆపైన ఉన్న అంకె రోజే అయి తీరాలి. చిక్కంతా ప్రతి నెలలో మొదటి 12 రోజులతోనే. 12 నెలలకు అవి 144. వీటిలో 1/1, 2/2 మొదలు 12/12 వరకు పన్నెండింటిని ఎటు చదివినా ఒకటే. అవి పోగా మిగిలినవి 132. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైనే!

మరి డేటాబేస్ ఏం చేయాలి? కొన్ని ప్రోగ్రాములు ఊహిస్తాయి. 25/11 వస్తే 25వ నెల లేదు కాబట్టి నవంబరు అనుకుంటాయి. దాని కిందనే 05/11 వస్తే మే అనుకుంటాయి. ఒకే జాబితాలో కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. పైకి మాత్రం అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది.

మంచి గుమాస్తా అనుమానం వస్తే ఊహించడు. "ఇందులో రోజు ఏది, నెల ఏది?" అని అడుగుతాడు. డేటాబేస్ కూడా అంతే చేయాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు తేదీని ఏ వరుసలో చదవాలో ముందే చెప్పవచ్చు. నెల ముందు అని చెప్పి 25/11/2014 ఇస్తే, అది అంకెలను తారుమారు చేయదు, తప్పని తిప్పికొడుతుంది. అయితే 05/11ని మాత్రం మే నెలగానే తీసుకుంటుంది. కాబట్టి రాసేవారూ జాగ్రత్తపడాలి.

అందుకు ఒక దారి ఉంది. 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. 8601 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు: 2014-11-05. ఇక తికమక లేదు.

చేసి చూడండి: మూడు చీటీల మీద 05/11/2014, 12/01/2013, 20/06/2012 అని రాయండి. ఎడమ వైపు అంకెను బట్టి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. అన్నిటికన్నా పాత తేదీ చివరికి పోయింది కదూ? ఇప్పుడు వాటినే సంవత్సరం ముందు వచ్చేలా రాసి మళ్లీ పేర్చండి. ఏం జరిగిందో మీరే గమనించండి!